కెమెరా ఎక్కడ పెట్టాలో ఎవరు చెప్పాలి?

అనకాపల్లి జిల్లా నక్కపల్లి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వానిది. దాని మీద చలానా రాసే పోలీసు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. మండలంలోని వేంపాడు దగ్గర టోల్ వసూలు జాతీయ రహదారుల సంస్థ వ్యవహారం. జరిమానా సొమ్ము రాష్ట్ర ఖజానాకు పోతుంది. ఉపమాక వెంకన్న కల్యాణోత్సవానికి నడిచి వచ్చి రోడ్డు దాటే భక్తుడు, అవతలి పొలానికి వెళ్ళే రైతు, కంపెనీ షిఫ్టు దిగి బండి మీద ఇంటికి పోయే కార్మికుడు మాత్రం ఈ ఊరివాళ్ళో పక్క ఊరివాళ్ళో. ప్రమాదం స్థానికం, అధికారం మాత్రం ఎక్కడెక్కడో ఉంది.

ఎర్రదీపం పడ్డాక దాటిన బండిని ఫొటో కొట్టే కెమెరాల మీద అమెరికా, బ్రిటన్, కేరళల్లో సాగిన వాదనలన్నీ చివరికి రెండు ప్రశ్నల దగ్గరికి చేరుతున్నాయి. కెమెరా పెట్టే చోటు ఎవరు నిర్ణయించాలి? దాని వల్ల వచ్చే డబ్బు ఎవరికి పోవాలి? అమెరికాలో ఈ రెండూ నగరపాలికల చేతిలోనే పడి చిక్కులొచ్చాయి. మన దగ్గర రెండింటిలో ఏదీ స్థానిక సంస్థ చేతిలో లేక మరో రకం చిక్కు వచ్చింది. చోటు గురించి ఊరికి గట్టి మాట ఉండాలి, చలానా డబ్బులో మాత్రం ఎవరికీ వాటా ఉండకూడదు అన్నది ఈ వ్యాసం వాదన. అది ఎందుకో చెప్పాలంటే చట్టం, లెక్కలు, ఇతరుల అనుభవం మూడూ చూడాలి.

ఎవరి రోడ్డు, ఎవరి పెత్తనం

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో 2వ అంశం. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. 73వ సవరణ పంచాయతీల కోసం చేర్చిన పదకొండో షెడ్యూలులో 29 విషయాలున్నాయి. వాటిలో 13వది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. ఆచరణలో అది ఊరి లోపలి సిమెంటు రోడ్డు దగ్గర ఆగిపోతుంది. హైవే మీద ఆక్రమణలనూ రాకపోకలనూ నియంత్రించడానికి 2002లో వేరే చట్టమే వచ్చింది. ఆ అధికారం కేంద్రం నియమించే రహదారి యంత్రాంగానిది. హైవే అంచున పెట్టిన బడ్డీకొట్టు విషయంలో కూడా చివరి మాట సర్పంచిది కాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఒక విచిత్రం ఉంది. బండ్లు ఎక్కడ నిలపాలో నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థను సంప్రదించాలని 117వ సెక్షను చెబుతుంది. ఆటోస్టాండు ఎక్కడుండాలో ఊరిని అడగమన్నదన్నమాట. 2019 సవరణలో వచ్చిన 136ఎ సెక్షను జాతీయ రహదారుల మీద, రాష్ట్ర రహదారుల మీద, నిర్ణీత జనాభా గల నగరాల్లో ఎలక్ట్రానిక్ నిఘా ఉండేలా చూడాల్సిన బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం మీద పెట్టింది. అందులో స్థానిక సంస్థను అడగమన్న మాట లేదు. పార్కింగుకు అవసరమనుకున్న సలహా ప్రాణాపాయం ఉన్న మలుపు దగ్గర అక్కరలేదనుకున్నట్టు అయింది.

ఆ సెక్షనుకు తగ్గ నియమం 2021 ఆగస్టులో వచ్చింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో అది 167ఎ. పది లక్షలకు మించి జనాభా ఉన్న పెద్ద నగరాల్లోనూ, పట్టికలో పేర్కొన్న 132 నగరాల్లోనూ ముఖ్యమైన కూడళ్ళ దగ్గర పరికరాలు పెట్టాలని అది చెప్పింది. ఆ 132లో ఆంధ్రప్రదేశ్‌వి 13, విశాఖపట్నం, విజయవాడ వాటిలో ఉన్నాయి. నక్కపల్లి పంచాయతీకి ఆ పట్టికతో పని లేదు. అయినా అదే నియమం జాతీయ, రాష్ట్ర రహదారుల్లో ప్రమాదం ఎక్కువగా, రద్దీ ఎక్కువగా ఉన్న మార్గాలను కూడా చేర్చింది. నక్కపల్లి కూడలికి కెమెరా వస్తే ఊరి పేరు మీద కాకుండా రోడ్డు పేరు మీద వస్తుంది.

ఇవి కాగితం మీదే ఉండిపోతున్నాయని సుప్రీంకోర్టుకు తెలుసు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఇంకా నడుస్తూనే ఉంది. అందులోనే 2024 సెప్టెంబరు 2న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం 136ఎ సెక్షనును, 167ఎ నియమాన్ని రాష్ట్రాలు అమలు చేయాలని ఆదేశించింది.

నక్కపల్లికి అటూ ఇటూ ఉన్న విశాఖపట్నం, కాకినాడ రెండూ 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ నగరాల జాబితాలోవి. అక్కడ నగరం పేరున ఏర్పడిన కంపెనీ డబ్బుతో కెమెరాలు కొనే వీలుంది. చలానా మాత్రం పోలీసులే పంపాలి. కొనడానికి నగరపాలిక పనికొచ్చింది గానీ నియమం పెట్టడానికి రాలేదు. పంచాయతీకి ఆ కొనే స్తోమత కూడా లేదు.

నియమంలో మంచి ఎంత

కెమెరా ప్రతి ఏటా పరీక్షకు నిలవాలని 167ఎ చెబుతుంది. సరిగ్గా పనిచేస్తోందని రాష్ట్రం నియమించిన అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి, ఏటా దాన్ని పునరుద్ధరించాలి. కెమెరా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డులు స్పష్టంగా కనిపించాలి. చలానాలో బండి నంబరు ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షను ఉల్లంఘించారో ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం కోరే ధ్రువపత్రం కూడా జతచేయాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. చలానా తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి.

ఈ 15 రోజుల గడువు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కెమెరా పెట్టిన ప్రయోజనమంతా అందులోనే ఉంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు, ఎప్పుడో దసరాకు చేసిన తప్పుకు ఉగాదికి చలానా వస్తే ఏ కూడలిలో ఏం చేశాడో బండివాడికి గుర్తుండదు. జరిమానా కడతాడేమో గానీ నడక మారదు. ఇలా పోగుబడిన చలానాలను వదిలించుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి రాయితీ మేళాలు పెట్టింది. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం తగ్గించింది. ఖజానాకు కొంత సొమ్ము చేరింది. వెంటనే కట్టినవాడు పూర్తి జరిమానా కట్టాడు, ఎగ్గొట్టిన బైకువాడు ఐదో వంతుతో బయటపడ్డాడు. కట్టకుండా కూర్చుంటే మరో మేళా రాకపోదన్న ఆశ కూడా దాంతోనే పుట్టింది.

బోర్డుల నియమం ఎంత ముఖ్యమో ఢిల్లీ చూపించింది. 2019లో అక్కడ 24వ నంబరు జాతీయ రహదారి మీద వేగం కెమెరాలు లక్షల్లో చలానాలు పుట్టించాయి. రోడ్డు మీద బోర్డు 70 అంటోంది, పోలీసుల పరిమితి 60. బోర్డు చూసి నడిపినవాడికి చలానా వచ్చింది. చివరికి పోలీసులు దాదాపు లక్షన్నర చలానాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రోడ్డు ఒక శాఖది, బోర్డు మరొకరిది, కెమెరా ఇంకొకరిది అయినప్పుడు ఇలాగే జరుగుతుంది. నక్కపల్లి దగ్గరా శాఖల సంఖ్య అంతకు తక్కువేమీ కాదు.

ఎర్రదీపమే అసలు ప్రమాదమా?

కెమెరాను సమర్థించేవాళ్ళూ వ్యతిరేకించేవాళ్ళూ దాటేసే ప్రశ్న ఇది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. సిగ్నల్ దాటడం వల్ల జరిగినవి 4,021. వాటిలో పోయిన ప్రాణాలు 1,462. అంటే మొత్తం మరణాల్లో ఒక శాతం కంటే తక్కువ. అతివేగం ఖాతాలో పడినవి 71 శాతం. అదే ఏడాది జాతీయ రహదారుల మీదే 61,038 మంది చనిపోయారు, మూడో వంతుకు పైగా.

ఈ అంకెలను బట్టి సిగ్నల్ దాటడం పర్వాలేదనుకుంటే పొరపాటే. దేశంలో సిగ్నళ్ళున్న కూడళ్ళే తక్కువ కాబట్టి ఆ ప్రమాదాలూ తక్కువ. ఉన్న చోట పక్కనుంచి వచ్చి గుద్దే బండి మనిషిని బతకనివ్వదు. అయినా నక్కపల్లి లాంటి చోట ఏ కెమెరా కావాలన్న దానికి ఈ లెక్క దారి చూపుతుంది. నాలుగు వరసల రహదారి మీద కార్లకు గంటకు 100, లారీలకు 80, ద్విచక్ర వాహనాలకు 80 కిలోమీటర్ల పరిమితిని కేంద్రం 2018లో ప్రకటించింది. అదే రోడ్డు మీద పల్లెటూరి బండి డివైడరు సందు దాకా పోయి తిరిగిరావడం ఎందుకని రాంగ్ రూట్‌లో వస్తుంది. వేగంగా వచ్చే లారీకీ రాంగ్ రూట్‌లో వచ్చే మోపెడ్‌కూ మధ్య జరిగే ప్రమాదాన్ని ఎర్రదీపం కెమెరా పట్టుకోలేదు. వేగాన్ని కొలిచేది, ఎదురుదిక్కు బండిని గుర్తించేది, హెల్మెట్ లేని తలను చూసేది వేరే పరికరాలు. 2023లో జాతీయ రహదారుల సంస్థ సవరించిన ట్రాఫిక్ నిర్వహణ విధానంలో 14 రకాల ఘటనలను వీడియో ద్వారా గుర్తించే ఏర్పాటు ఉంది. ముగ్గురెక్కిన బండి, రోడ్డు మీదికొచ్చిన పశువు, నడిచి దాటే మనిషి కూడా అందులోకి వస్తాయి. ఊరి హైవేకు పనికొచ్చేది ఈ రకం.

సిగ్నల్ ఉన్న చోట కెమెరా పెట్టినా ఫలితం ఏకపక్షంగా ఉండదు. అమెరికా కేంద్ర రహదారి శాఖ 2005లో ఏడు ప్రాంతాల్లోని 132 కూడళ్ళ మీద చేయించిన అధ్యయనంలో పక్కనుంచి గుద్దుకునే ప్రమాదాలు 24.6 శాతం తగ్గాయి. వెనకనుంచి గుద్దే ప్రమాదాలు 14.9 శాతం పెరిగాయి. కెమెరా చూసి ముందున్నవాడు గభాల్న బ్రేకు వేస్తాడు, వెనకున్నవాడు వచ్చి తగులుకుంటాడు. పక్కదెబ్బ ప్రాణాంతకం కాబట్టి మొత్తం మీద కొంత మేలేనని ఆ అధ్యయనం తేల్చింది. హ్యూస్టన్ నగరం కథ మరోలా ఉంది. అక్కడ 2010 నవంబరులో ఓటర్లు కెమెరాలు వద్దన్నారు. దాన్ని ఆసరా చేసుకుని జస్టిన్ గాలఘర్, పాల్ ఫిషర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ముందూ తర్వాతా లెక్కలు పోల్చారు. మొత్తం ప్రమాదాలు గానీ గాయాలు గానీ కెమెరాల వల్ల తగ్గాయనడానికి ఆధారం దొరకలేదని 2020లో ప్రచురించారు. ఒక కూడలిలో మేలు చేసిన కెమెరా మరో కూడలిలో చేయకపోవచ్చు. కాబట్టి ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు ప్రతి చోటా విడిగా వెతకాల్సిందే.

పసుపుదీపం లెక్క

ఎర్రదీపం కెమెరా న్యాయంగా ఉందో లేదో తేల్చేది ఎరుపు కంటే పసుపే. 1960లో జనరల్ మోటార్స్ పరిశోధనాలయానికి చెందిన గాజిస్, హెర్మన్, మారదూదిన్ ఒక సూత్రం ప్రచురించారు. దాని సారం తేలికే. డ్రైవరు దీపం చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక క్షణం పడుతుంది, బండి ఆగడానికి వేగాన్ని బట్టి మరికొంత దూరం కావాలి. ఆపలేనంత దగ్గరికి వచ్చేసినవాడికి ఎరుపు పడేలోగా దాటే వ్యవధి ఇవ్వాలి.

ఊళ్ళో 40 కిలోమీటర్ల వేగానికి ఈ లెక్కన పసుపు దాదాపు 3 సెకన్లు సరిపోతుంది. హైవే మీద 80కి సుమారు 4.7 సెకన్లు కావాలి. ఆ వేగంలో పసుపు 3 సెకన్లే ఉందనుకుందాం. ఆ సమయంలో బండి 67 మీటర్లు పోతుంది. ఆగాలంటే 104 మీటర్లు కావాలి. గీతకు 67, 104 మీటర్ల మధ్య ఉన్న డ్రైవరు ఆగలేడు, దాటలేడు. ఏం చేసినా చలానా తప్పదు, లేదా వెనకనుంచి దెబ్బ తప్పదు. ఇది కారు లెక్క. రాయి నింపుకొచ్చే టిప్పరుకు బ్రేకు అంత గట్టిగా పడదు. సెకనుకు సెకనుకు రెండు మీటర్ల చొప్పునే వేగం తగ్గే బండికి 6.6 సెకన్లు కావాలి. హైవే మీద కూడలికి చాలా ముందునుంచే వేగం తగ్గించే ఏర్పాట్లు లేకుండా సిగ్నలూ కెమెరా పెడితే శిక్ష పడేది డ్రైవరు తప్పుకు కాదు, రోడ్డు వేసినవాడి తప్పుకు.

ఈ పసుపు మీద జరిగిన పోరాటాలు చెప్పుకోదగ్గవి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని బీవర్టన్‌లో భార్యకు వచ్చిన చలానా చూసి మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అనే ఎలక్ట్రానిక్స్ నిపుణుడు లెక్క వేశాడు. మలుపు తిరిగే బండి ముందే వేగం తగ్గించుకోవాలి కాబట్టి పాత సూత్రం దానికి చాలదన్నాడు. లైసెన్సు లేకుండా ఇంజనీరునని చెప్పుకున్నాడంటూ ఆ రాష్ట్ర ఇంజనీర్ల మండలి అతనికే 500 డాలర్ల జరిమానా వేసింది. 2018 చివర ఫెడరల్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పిచ్చింది. 2020లో ట్రాఫిక్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ మలుపు తిరిగే బండ్లకు సూత్రాన్ని సవరించింది. పసుపు ఎన్ని సెకన్లో బయటికి తెలియకపోతే ఈ తప్పు బయటపడేదే కాదు.

డబ్బు ఎవరికి పోతే ఏమవుతుంది

షికాగో 2003లో ఎర్రదీపం కెమెరాలు మొదలుపెట్టి అమెరికాలోకెల్లా పెద్ద వ్యవస్థగా పెంచింది. నగరానికి ఆదాయం, రెడ్‌ఫ్లెక్స్ కంపెనీకి కాంట్రాక్టు. ఆ కాంట్రాక్టు లంచాల మీద నడిచిందని 'షికాగో ట్రిబ్యూన్' పత్రిక 2012లో బయటపెట్టింది. నగర రవాణా అధికారి జాన్ బిల్స్‌కు 2016లో పదేళ్ళ జైలుశిక్ష పడింది. అమెరికాలో ఆ కంపెనీ అధిపతిగా పనిచేసిన క్యారెన్ ఫిన్లీ నేరం ఒప్పుకొని జైలుకెళ్ళింది. 2014లో మరో సంగతి తేలింది. పసుపు 3 సెకన్లకు బదులు 2.9 సెకన్లు ఉన్నా చలానాలు పంపారు, అలా సుమారు 77 వేలు. సెకనులో పదో వంతు తేడాతో నగరానికి 77 లక్షల డాలర్లు వచ్చాయని నగర తనిఖీ అధికారి లెక్క చెప్పాడు.

తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన డాలస్ చుట్టుపక్కల నగరాల్లోనూ ఈ కెమెరాలు చాలాకాలం నడిచాయి. 2007లో టెక్సస్ చట్టం జరిమానాను 75 డాలర్లకు పరిమితం చేసింది. ఖర్చులు పోను మిగిలిన దానిలో సగం ప్రమాద బాధితుల వైద్య నిధికి ఇవ్వాలంది. అయినా నగరాలు డబ్బు కోసమే కెమెరాలు పెడుతున్నాయన్న అనుమానం పోలేదు. 2019 జూన్‌లో గవర్నరు గ్రెగ్ ఆబట్ సంతకంతో రాష్ట్రమంతటా వాటిని నిషేధించారు. మిన్నెసోటాలో 2007లోనే సుప్రీంకోర్టు మినియాపోలిస్ నగర నిబంధనను కొట్టేసింది. బండి యజమానే దోషి అని నగరం ముందే అనుకోవడం రాష్ట్ర చట్టానికి విరుద్ధమంది.

మన మోటారు వాహనాల చట్టంలోని 133వ సెక్షను కూడా ఆ చిక్కునే మరో దారిలో పరిష్కరిస్తుంది. ఆ సమయంలో బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత యజమానిది. రోజుకో డ్రైవరుకు ఆటో అద్దెకిచ్చే యజమానికీ, బావమరిదికి బైకు ఇచ్చిన రైతుకూ ఇది ఆచరణలో ఎలా ఉంటుందో తేలిగ్గానే ఊహించవచ్చు.

మనకు దగ్గరి పాఠం కేరళది. అక్కడ 'సేఫ్ కేరళ' పథకం కింద కెల్ట్రాన్ సంస్థ ద్వారా 726 కెమెరాలు పెట్టి 2023 జూన్ 5 నుంచి జరిమానాలు మొదలుపెట్టారు. వాటిలో ఎర్రదీపం ఉల్లంఘనకు కేటాయించినవి 18 మాత్రమే. 675 హెల్మెట్, సీటుబెల్టు లాంటివి చూసేవి. ప్రమాదం ఎక్కడుందో చూసి పెట్టారనడానికి ఈ నిష్పత్తే సాక్ష్యం. కానీ కాంట్రాక్టు ఎవరికి ఎలా పోయిందన్న దుమారం రేగింది. అదే నెల 20న హైకోర్టు తదుపరి ఉత్తర్వుల దాకా కంపెనీలకు చెల్లింపులు ఆపమంది. కెమెరా మంచిదైనా టెండరు చీకట్లో ఉంటే జనం చలానాను నమ్మరు.

రెండు చోట్ల దీనికి విరుగుడు దొరికింది. చలానాకింత అని కంపెనీకి ముట్టజెప్పే ఒప్పందాలను కాలిఫోర్నియా చట్టం 2004 నుంచి నిషేధించింది. బ్రిటన్‌లో 2000 నుంచి స్థానిక సంస్థలు, పోలీసులు కలిసి నడిపిన కెమెరా భాగస్వామ్యాలు జరిమానా నుంచే తమ ఖర్చు రాబట్టుకునేవి. జనం దాన్ని వసూళ్ళ యంత్రంగా చూడటంతో 2007లో ఆ లంకె తెంచి, రోడ్డు భద్రతకు విడిగా గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఈ సూత్రం నక్కపల్లికి కొత్త కాదు. తుని, అనకాపల్లి మధ్య 59 కిలోమీటర్ల నాలుగు వరసల రోడ్డును జీఎంఆర్ సంస్థ యాన్యుటీ పద్ధతిలో వేసింది. ఎన్ని బండ్లు పోయినా పోకపోయినా కంపెనీకి ఆరునెలలకోసారి నిర్ణీత సొమ్ము ముట్టేది. రోడ్డు సరిగ్గా ఉంచడమే దాని పని, బండ్ల సంఖ్యతో దానికి లాభనష్టాలు లేవు. కెమెరా కాంట్రాక్టుకు ఇంతకంటే మంచి నమూనా అక్కరలేదు. పరికరం పనిచేసిన రోజులకు, సరైన ఫొటోల శాతానికి చెల్లించాలి. చలానాల సంఖ్యకు మాత్రం చెల్లించకూడదు.

ఊరి చేతికి ఏం రావాలి

పంచాయతీకి చలానా రాసే అధికారం ఇవ్వాలని ఎవరైనా అడిగితే షికాగో చరిత్ర చాలు, వద్దనడానికి. నిధుల కరువున్న పంచాయతీకి హైవే మీద పోయే బయటి ఊరి బండి సులువైన ఆదాయం. ఓటు లేని డ్రైవరు మీద వేసే జరిమానాకు అడ్డు చెప్పేవాడుండడు. ఆ ఆశ మొదలైతే కెమెరా ప్రమాదం ఉన్న చోటు వదిలి ఆదాయం ఉన్న చోటికి జరుగుతుంది.

అలాగని ఊరిని అడగకుండా పెట్టే పద్ధతి కూడా సరికాదు. 500 మీటర్ల హైవే ముక్క మీద మూడేళ్ళలో ప్రాణం పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు 5 గానీ, 10 మరణాలు గానీ జరిగితే కేంద్రం దాన్ని బ్లాక్‌స్పాట్‌గా లెక్కిస్తుంది. ఆ లెక్క పోలీసుస్టేషన్ కేసుల నుంచి వస్తుంది. కాలు విరిగి రాజీ పడిపోయిన కేసు, గేదె చచ్చి బండి బోల్తా పడిన రాత్రి, పిల్లలు త్రుటిలో తప్పించుకున్న సాయంత్రం ఆ లెక్కలోకి రావు. అవి ఊరికే తెలుసు. ఏ డివైడరు సందు దగ్గర రోజూ గుండె జారుతుందో గ్రామసభ చెప్పగలదు. కంట్రోల్ రూములో కూర్చున్నవాడు చెప్పలేడు.

దానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. మోటారు వాహనాల చట్టం 215వ సెక్షను జిల్లా రోడ్డు భద్రతా కమిటీలకు చోటిచ్చింది. కలెక్టరు, ఎస్పీ, రవాణాశాఖ, ఆర్ అండ్ బీ, జాతీయ రహదారుల అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చునే వేదిక అది. అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి ఆ బల్ల నక్కపల్లికి ఒకప్పటి విశాఖ కంటే దగ్గరైంది. హైవే పక్క పంచాయతీలు ఏటా గ్రామసభ తీర్మానంతో ప్రమాదపు చోట్ల జాబితా పంపాలి. కెమెరా పెట్టినా, పెట్టకపోయినా కమిటీ కారణం రాసి ఆ పంచాయతీకి తిరిగి పంపాలి. రాష్ట్రం ఒక జీవోతో చేయగల పని ఇది. పాయకరావుపేట నియోజకవర్గం శాసనసభ్యురాలు వంగలపూడి అనిత 2024 జూన్‌లో ఏర్పడిన మంత్రివర్గంలో హోంమంత్రి అయ్యారు. నక్కపల్లి ఆ నియోజకవర్గంలోదే. పోలీసు శాఖకూ ఈ రోడ్డుకూ ఇంత దగ్గరి బంధం ప్రతిసారీ దొరకదు.

ఇది ఆలస్యం చేయదగ్గ పని కూడా కాదు. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న విశాఖ నుంచి ప్రధాని శంకుస్థాపన చేశారు. రాజయ్యపేట వైపు భారీ ఉక్కు కర్మాగారం రావాల్సి ఉంది. ఆ నిర్మాణానికి వచ్చే టిప్పర్లు, తర్వాత షిఫ్టులకు వచ్చే బస్సులు, బైకులు అన్నీ హైవే కూడలి నుంచే లోపలికి మళ్ళాలి. కూడళ్ళు ఎలా కట్టాలి, ఎక్కడ పైవంతెన, ఎక్కడ సిగ్నల్ అన్న నిర్ణయాలు ఇప్పుడే జరుగుతాయి. రోడ్డు రూపకల్పనలో లోపానికి నిర్మాణ సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఎ సెక్షను కూడా 2019 సవరణలోనే వచ్చింది. తప్పు డ్రైవరుదైతే కెమెరా పట్టుకుంటుంది. తప్పు రోడ్డుదైతే పట్టుకునేది ఆ సెక్షనే. రెండూ కలిసి నడిస్తేనే న్యాయం.

కెమెరా వచ్చాక కూడా ఊరికి పనుంది. పసుపు ఎన్ని సెకన్లో, పరికరం ధ్రువపత్రం ఏ తేదీదో, ఆ నెలలో ఎన్ని చలానాలు వెళ్ళాయో, వాటిలో ఎన్ని తప్పని తేలాయో పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయాలి. ఏడాది తిరిగాక ప్రమాదాలు తగ్గాయా అన్న లెక్క గ్రామసభ ముందుంచాలి. తగ్గకపోతే కెమెరాను అక్కడి నుంచి తీసి మరో చోట పెట్టాలి, లేదా రోడ్డు మలుపు సరిచేయాలి. వసూళ్ళు బాగున్నాయన్న కారణంతో దాన్ని ఉంచకూడదు. బాగా పనిచేసే కెమెరాకు ఏటికేడాది చలానాలు తగ్గాలి. చలానాలు పెరుగుతుంటే కూడలిలోనో బోర్డులోనో దీపంలోనో ఏదో లోపం ఉందని అర్థం. ఆదాయం కోసం చూసే ప్రభుత్వానికి ఈ తగ్గుదల నష్టంగా కనిపిస్తుంది. ఊరి లెక్కలో అది లాభమే, ఆ లెక్క అడిగే హక్కు కూడా ఊరికే ఉండాలి.